భోగాపురం బీచ్ ప్లాటు: బయానా ఆపండి

భోగాపురం బీచ్ పక్కన 200 గజాల ప్లాటుకు బయానా ఇవ్వాలనుకుంటున్నారు, అక్కడ హోమ్‌స్టే కట్టుకోవచ్చని ఏజెంటు అన్నాడన్నారు. ముందు సర్వే నంబరు అడగండి. మీభూమి (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు)లో అడంగల్, 1-బి (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డులు), తర్వాత 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) చూడండి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అని తేలితే ఉత్త అగ్రిమెంటు మీద కొనకండి.

అసలు చిక్కు సీఆర్‌జెడ్, అంటే తీరం వెంట కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనలు. 2019 నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరాల్లో పోటు గీత (పెద్ద పోటుకు నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన చోట 50 మీటర్లు. ఆ పోటు గీత సీఆర్‌జెడ్ కోసం చేసిన అధికారిక తీర మండల పటంలో ఉంటుంది. అలల అంచు నుంచి టేపు పట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఏజెంట్లు చేసేది అదే! మీ సర్వే నంబరు ఆ పటంలో ఎక్కడుందో చూపించమనండి.

లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. వెళ్లినప్పుడు పక్క బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉన్నాయేమో.