ట్రస్టు సంగతి తర్వాత, ముందు చాప పరవండి

"ఊళ్లో పేదరికం తగ్గించే పని నలుగురం కలిసి మొదలుపెట్టాలనుకుంటున్నాం. ముందు ట్రస్టు రిజిస్టర్ చేయించాలా, విరాళాలు పోగెయ్యాలా?" అని అడిగారు. రెండూ వద్దు. బ్యానరు అసలే వద్దు. పొదుపు సంఘంతో మొదలుపెట్టండి, దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

పది నుంచి పదిహేను మంది ఆడవాళ్లు చాలు, ఇరవై మాత్రం దాటనివ్వకండి. ఒకే వీధివాళ్లయితే మేలు. రాబడి కూడా ఇంచుమించు ఒకేలా ఉండాలి. పదెకరాల ఆసామి ఇంటావిడనీ, కూలికెళ్లే ఆమెనీ ఒకే చాప మీద కూర్చోబెడితే మూడో మీటింగుకల్లా రెండో ఆమె నోరు విప్పడం మానేస్తుంది.

సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు (పొదుపు డబ్బులోంచి సభ్యులకే ఇచ్చే అప్పు), వాయిదా, పుస్తకాలు అని పంచసూత్రాలు అందరూ వల్లిస్తారు. నన్నడిగితే సంఘం పుట్టేది మూడోదానితోనే. పన్నెండు మంది నెలకి 100 చొప్పున రెండు నెలలు కడితే 2,400. ఒకామె పిల్ల హాస్టలుకి 2,000 అడుగుతుంది, ఇంకొకామె మొగుడి జ్వరానికి 1,500. ఇద్దరికీ చాలదు. ఇక్కడ లీడరు "నేను చూసుకుంటాలే" అందంటే అది ఆమె సొంత సంఘమైపోయినట్టే. గంటసేపైనా సరే, వాదించుకోనివ్వండి. జ్వరానికి 1,500, హాస్టలుకి ఇప్పుడు 900, మిగతా 1,100 వచ్చే నెల పొదుపులోంచి అని వాళ్లే తేల్చుకోవాలి. ఎవరికెంత, నూటికి రూపాయి వడ్డీయేనా, ఎన్ని వాయిదాలు అన్నది అప్పటికప్పుడే తీర్మానాల పుస్తకంలో రాసి, పైకి చదివి వినిపించాకే సంతకాలు, వేలిముద్రలు. ముందే ఖాళీ పేజీ మీద వేలిముద్ర వేయించి పెట్టుకునేవాళ్లున్నారు. తర్వాత గొడవలన్నీ ఆ పేజీలోంచే లేస్తాయి.

మీ విరాళాలు ఇప్పుడే అందులో పొయ్యకండి. "మనది కాదుగా" అనిపించిన డబ్బుకి వాయిదాలు కట్టరు. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలని బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టినప్పుడు కూడా ముందు పొదుపు, ఆ తర్వాతే అప్పు.

ఆరు నెలలు సక్రమంగా నడిస్తే బ్యాంకు అప్పు అడగొచ్చు. ఆ ఆరు నెలలు ఖాతా తెరిచిన రోజు నుంచి కాదు, సంఘం పుస్తకాల ప్రకారం లెక్క. రిజర్వు బ్యాంకు నిబంధనే అది. కౌంటరు దగ్గర కాదంటే గట్టిగా చెప్పండి. బ్యాంకుకి ప్రతిసారీ సంఘం లీడర్లిద్దరే వెళ్లకుండా మూడో మనిషిని వంతులవారీగా తోడు పంపండి, ఓచరు రాయడం నేర్చుకుంటుంది. వాళ్లు పోగొట్టుకున్న కూలి, బస్సు ఛార్జీ సంఘం ఖర్చులోనే రాయాలి.