అక్కడ ఏముందో చెప్పు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చూపు లేని పిల్లల కోసం మ్యూజియంలోని బొమ్మలనీ, మన ఊళ్ళోని అందమైన చోట్లనీ తెలుగులో వర్ణిస్తూ రికార్డు చేస్తావట. సెలవు రోజుల్లో వాళ్ళను నువ్వే వెంటబెట్టుకుని తిప్పుతావట కూడా. "ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా దానికెందుకక్కా, నువ్వైనా చెప్పు" అంది. చెప్తానన్నాను. వద్దని చెప్తానని మాత్రం అనలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. ఫోన్‌లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా" అంటూనే పక్కన ల్యాప్‌టాప్ కొడుతుంటావు, ఆ టకటక నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు. ఎక్కడికెళ్ళినా అనుమతి కాగితం మీద తీసుకో. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పిల్లల టీచర్ ఒకరైనా వెంట ఉండాలి. మంచినీళ్ళు, టోపీలు, బిస్కెట్లు మర్చిపోకు. రోడ్డు దాటించే పని పెట్టుకోకుండా గేటు ముందే బండి దిగండి.

మెట్ల సంగతి మాత్రం ఒక్క మాటతో వదలను. చార్మినార్‌లో 149 మెట్లు, మెలికలు తిరుగుతూ పోయే ఇరుకు మెట్లు. గోల్కొండలో కోట పైకొసన ఉన్న బాలా హిసార్ దాకా 300కు పైగా ఉంటాయి, ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకోటి మోకాలి దాకా వస్తుంది. పిల్లల చెయ్యి పట్టుకుని లాగొద్దు, వెనక నుంచి తోయొద్దు. నీ మోచేతికి కాస్త పైన వాళ్ళనే పట్టుకోనివ్వు, నువ్వు అర అడుగు ముందు నడువు. నీ ఒంటి కదలికను బట్టే వాళ్ళకు దారి తెలిసిపోతుంది. మెట్టు వచ్చినప్పుడు "జాగ్రత్త" అని అరిస్తే ఉన్నచోట బిగుసుకుపోతారు. ఎక్కే మెట్టా, దిగే మెట్టా, అది చెప్పు. అమ్మమ్మతో ఇవన్నీ నేర్చుకున్నాను. ఆ ఎత్తు చెప్పుల జోలికి మాత్రం ఆ రోజుల్లో పోకు తల్లీ, నీకు దండం పెడతాను.

ఇక అసలు సంగతి. మీ మామయ్య ఒకప్పుడు అమ్మమ్మను మ్యూజియానికి తీసుకెళ్ళిన కథ నీకెవరూ చెప్పి ఉండరు. మన ఇంట్లో అది ఎవరూ ఎత్తరు.

చూపు పూర్తిగా పోయాక అమ్మమ్మ గడప దాటడం మానేసింది. "చూడలేనిదాన్ని, నాకు తిరగడమెందుకు" అనేది. మామయ్యకు అమ్మంటే ప్రాణం కదా. ఒకరోజు పట్టుబట్టి ఆటో ఎక్కించాడు. నేనూ వెంట ఉన్నాను. సాలార్‌జంగ్‌లోని మేలిముసుగు రెబెక్కా అనే రాతిబొమ్మ ముందు ఆవిడను నిలబెట్టి మొదలుపెట్టాడు. "అమ్మా, ఏం చెప్పమంటావే! అద్భుతం! మాటల్లో చెప్పేది కాదు. ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు. చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది." (ఇంకోటి లేదన్నదీ నిజం కాదు. దాన్ని చెక్కిన ఇటలీ శిల్పి బెంజోని ఇదే బొమ్మకు వేరే ప్రతులు కూడా చేశాడు, అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి.) అలా ప్రతి గదిలోనూ అదే వరస. ఒకచోట నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మమ్మ తల ఊపుతూ నడిచింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను, ఎలా ఉందమ్మా అని. "మీవాడు బాగా మురిసిపోయాడే. వాడు ఏం చూశాడో మాత్రం నాకు తెలీలేదు" అంది. కాసేపాగి, "ఆ రాతిబొమ్మ ఆడమనిషా, మగవాడా? నిలబడి ఉందా, కూర్చుని ఉందా?" అని అడిగింది. అంతసేపు మాట్లాడినవాడు ఆ ఒక్క ముక్క చెప్పలేదు! పోనీ అంతటితో అయిపోయిందా అంటే, తప్పు తనదేనని అనుకుంది పిచ్చితల్లి. అంత గొప్ప బొమ్మ ముందు నిలబడి కూడా తనకేమీ కలగలేదంటే కళ్ళతోపాటు మనసు కూడా ఎండిపోయిందని బెంగపెట్టుకుంది. మళ్ళీ బయటికి రమ్మంటే రాలేదు.

మామయ్యది ప్రేమ లేక చేసిన పని కాదు. ప్రేమ ఎక్కువై, తన ఆనందాన్నంతా ఆవిడ ముందు కుమ్మరించాడు. ఆవిడ తనంతట తాను ఆశ్చర్యపోవడానికి కావలసిన సరుకు మాత్రం ఇవ్వలేదు. చిన్నీ, నీది అచ్చం మామయ్య పోలిక. సినిమా చూసొచ్చి కథ చెప్పమంటే "అబ్బ, సూపర్ పెద్దమ్మా" తప్ప ఇంకో మాట రాదు నీకు. నా భయమంతా అదే.

తర్వాత ఒకరోజు తీరిక చూసుకుని అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. డ్రాయింగ్ టీచర్‌ని కదా, బొమ్మను కొలతల్లో చూడటం నాకు అలవాటు. చలవరాతి బొమ్మ అన్నాను. దాదాపు మనిషంత ఎత్తు, నిలబడి ఉన్న పడుచుపిల్ల, తల కాస్త వంచుకుంది, చూపు నేల మీద ఉంది, ముఖం మీదుగా పల్చటి ముసుగు జారింది. అమ్మమ్మను తన కొంగు ముఖం మీద కప్పుకోమన్నాను. పైనుంచి వేళ్ళతో ముక్కు, పెదవులు, కనురెప్పలు తడుముకోమన్నాను. "ఇప్పుడు ఈ కొంగూ రాయే, కింద ముఖమూ రాయే. రెండూ ఒకటే రాయి" అన్నాను.

అమ్మమ్మ వేళ్ళు ముక్కు దగ్గర ఆగిపోయాయి. "మరి ఆ పిల్లకు ఊపిరెలా ఆడుతుందే?" అంది.

అప్పుడు కథ చెప్పాను. బైబిల్లో రెబెక్కా పరాయి ఊరికి పెళ్ళికూతురిగా వస్తూ, దూరాన నడిచొస్తున్నది తనను చేసుకోబోయేవాడే అని తెలిసి ముసుగు కప్పుకుంటుంది. 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్ళినప్పుడు ఈ బొమ్మ కొన్నాడు. అమ్మమ్మకు రోమ్ గొడవ పట్టలేదు. "నన్నూ అలాగే కచ్చడం బండిలో తెచ్చారు. మీ నాన్న ముఖం మూడు రోజులకు గానీ సరిగ్గా చూడలేదు" అని మొదలుపెట్టింది. నేను అంతవరకూ వినని సంగతులు ఆ పూట చెప్పింది. అందంగా ఉందన్న మాట నేను అనలేదు, ఆవిడా అనలేదు.

కాబట్టి ముందు అక్కడ ఏముందో చెప్పు. ఎంత ఉంది, దేనితో చేశారు, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది. ఎడమ అంటే చూసేవాళ్ళ ఎడమా, బొమ్మలో మనిషి ఎడమా అన్నది మొదట్లోనే తేల్చేసెయ్, లేకపోతే పిల్లలు మధ్యలో తప్పిపోతారు. నీకు ఏమనిపించిందో ఆఖర్న ఒక మాట చెప్పొచ్చు, చెప్పకపోయినా నష్టం లేదు. ఎందుకు అలా అనిపించిందో మాత్రం వెతుక్కో. అజంతా మొదటి గుహలో గోడ మీద పద్మపాణి అనే బోధిసత్వుడి బొమ్మను చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకా అని ఆలోచిస్తూ మళ్ళీ చూశాను. చుట్టూ జనం, కోతులు, నెమళ్ళు, అంతా సందడి. మధ్యలో చేత పువ్వు పట్టుకున్న ఆయన ఒక్కడే, కళ్ళు కిందికి వాల్చి ఉన్నాడు. కరుణ, శాంతి అని పెద్ద మాటలు వాడేకంటే, అంత సందడిలో ఒక్కడు తల వంచుకుని ఉన్నాడని చెప్తే పిల్లలకు చాలు.

అజంతా అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోవే. యజ్దానీ గారు పురావస్తు శాఖ చూస్తున్న రోజుల్లో, 1920లో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అని ఇద్దరు నిపుణులను రప్పించారు. ఊడిపోతున్న పూత అంచులను వాళ్ళు చక్కగా అతికించారు. బొమ్మలు నిలవాలని పైన షెల్లాక్, అంటే లక్క పూత కూడా వేశారు. మొదట రంగులు ధగధగలాడాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కి కింద రంగులను కప్పేసింది. దాన్ని వదిలించడానికి తర్వాతివాళ్ళు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. నీ "అద్భుతం", "మహాద్భుతం", "కనువిందు" అన్నీ నాకు ఆ లక్క పూతలాగే అనిపిస్తాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా బొమ్మల నకళ్ళు ఉన్నాయి, అంతదూరం పోకుండానే వాటి ముందు నిలబడి సాధన చెయ్యొచ్చు.

బొమ్మను నోటితో చెప్పడం మనకు కొత్తేమీ కాదు. చేర్యాలలో పటాలు గీసే నకాషీలు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలు బొమ్మలుగా రాసేవాళ్ళు. కథ చెప్పేవాళ్ళు ఆ పటం విప్పి, కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడేవాళ్ళు. నా చిన్నప్పుడు మా ఊరి చావడి ముందు ఒక రాత్రి చూశాను. దీపం వెలుగు వెనక వరసల దాకా అందేది కాదు, మాకు బొమ్మ సరిగ్గా కనిపించనే లేదు. అయినా ఎవరూ లేచి పోలేదు. ఆ పెద్దాయన బొమ్మ బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. వీడెవడు, చేతిలో ఏముంది, ఎవరి మీదికి పోతున్నాడు, అంతే.

రంగుల దగ్గర తొందరపడకు. కొందరు పిల్లలకు చూపు మధ్యలో పోయి ఉంటుంది, వాళ్ళకు ఎరుపంటే ఎరుపే గుర్తుంటుంది. పుట్టుకతోనే లేనివాళ్ళకు ఎరుపంటే మంట, నీలమంటే చల్లదనం అని కట్టుకథలు చెప్పొద్దు. ఆ రంగు మన ఇళ్ళలో ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పు. చిత్రకారుడు తోట వైకుంఠం గారు గీసిన తెలంగాణ ఆడవాళ్ళను వర్ణించాలంటే, నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, ఒంటి మీద ఎర్రచీర, చట్రమంతా నిండిపోయిన మనిషి అంటే చాలు. వాళ్ళకు బోనాల నాటి ఇల్లు తెలుసు, అమ్మల చీరల గరగర తెలుసు.

సాలార్‌జంగ్‌లోనే ఒక కొయ్యబొమ్మ ఉంది. ముందునుంచి చూస్తే నిటారుగా నిలబడ్డ మెఫిస్టాఫిలిస్ అనే దుష్టుడు, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా అనే పిల్ల. ఒకే దుంగలో ఇద్దరు. చూపున్నవాళ్ళకు అద్దం కావాలి. నీ పిల్లలకు అద్దంతో పనేముంది? వాళ్ళతో దాని చుట్టూ నడువు. ఇటు వైపు ఉన్నంతసేపు అతని గురించే చెప్పు. అడుగులేస్తున్నప్పుడు నోరు మూసుకో. అటు చేరాక ఆమె గురించి మొదలుపెట్టు. మ్యూజికల్ క్లాక్ దగ్గర కూడా అంతే, గంట కొట్టే చిన్న గడ్డపాయన బయటికి వచ్చేముందే చెప్పాల్సింది చెప్పేసి ఊరుకో. జనం గుసగుసలు ఆగిపోవడం, తర్వాత ఆ గంటలు, అవి వాళ్ళకు నీకంటే బాగా వినిపిస్తాయి.

చోట్ల విషయంలో నీ కాళ్ళు ఎక్కడున్నాయో ముందు చెప్పు. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, పైన బాలా హిసార్‌లో వినిపిస్తుంది. పిల్లలను రెండు జట్లు చేసి, ఒకరిని కింద, ఒకరిని పైన పెట్టు, ఫోన్లు ఉన్నాయి కదా. పైకెక్కాక ఆయాసం, చెమట మీద తగిలే గాలి, కింద హారన్లు పల్చబడటం, ఉత్తరాన కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, ఈ వరసలోనే చెప్పు. ఆయాసం లేకుండా ఆ అందం లేదు. గోడల మీద గీకిన పేర్లు, పడేసిన ప్లాస్టిక్ సీసాలు కూడా దాచకు. కాలికి సీసా తగిలాక నువ్వు చెప్పిన మిగతావి కూడా నమ్మరు.

"చూపులేని వాళ్ళకు బొమ్మలెందుకు" అని కొందరు నీ ముఖం మీదే అంటారు. జవాబు చెప్పే ఓపిక నీకు లేదని నాకు తెలుసు, కోపమొస్తే నీ నోరు ఆగదు. ఆ మాట పిల్లల చెవిన పడకముందే పక్కకు తీసుకెళ్ళు, చాలు.

ఇంకో సంగతి, దీని మీద వాదన పెట్టుకోకు. అమ్మమ్మకు వచ్చింది గ్లకోమా. అది అంచుల నుంచి మెల్లగా తినేస్తుంది, నొప్పి ఉండదు, పోయిన చూపు తిరిగి రాదు, తొందరగా పట్టుకుంటే మిగిలింది కాపాడుకోవచ్చు. రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ. పోయిన నెల నాకూ కంటి ప్రెషర్ ఎక్కువుందని చుక్కల మందు రాశారు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు, నేనే చెప్తాను. నువ్వు ఎప్పుడు చూపించుకున్నావు? కళ్ళజోడు కొట్లో నంబర్ చూపించుకోవడం కాదు, ప్రెషర్, లోపలి నరం చూసే పరీక్ష. ఈ నెలలోనే వెళ్ళు. మీ అమ్మను కూడా లాక్కెళ్ళు.

మొదటి రికార్డింగ్ ఎవరికీ పంపకముందు నాకు పంపు. నేను కళ్ళు మూసుకుని విని, నువ్వు చెప్పిన ప్రకారం కాగితం మీద బొమ్మ గీస్తాను. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నా పెన్సిల్ ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టి నీకు తిరిగి పంపిస్తాను. మామయ్యకు కూడా చెప్పాను. పిల్లలకు ఆటో ఖర్చులు తను పెట్టుకుంటాడట, వెంట కూడా వస్తాడట. రానివ్వు. నీళ్ళ సీసాల సంచీ ఆయనకు అప్పజెప్పు, మైకు మాత్రం ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
నల్లకుంట, హైదరాబాద్