కొత్త పెండలం పండక్కి వెళ్తున్నారా?

ప్రశ్న: నైజీరియాలోని లాగోస్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం నాది. నాతో పనిచేసే ఇగ్బో జాతి మిత్రుడు ఆగస్టులో కొత్త పెండలం దుంపల పండక్కి న్సుక్కా పట్టణం దగ్గరున్న వాళ్ల ఊరికి రమ్మంటున్నాడు. నేనూ మా ఆవిడా శాకాహారులం. అక్కడ ఏం తినాలో, ఎలా మెలగాలో అని తనకి ఒకటే టెన్షన్. మీరు ఆ వైపు టీచరుగా చేశారు కదా, చెప్పండి.
– ఒక పాఠకుడు, లాగోస్

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామంటే కుదరదు. అక్కడ ఏదైనా కోలా గింజతోనే మొదలవుతుంది, దానికి తొందర పనికిరాదు.

మీరు కూర్చోగానే ఇంటాయన పళ్లెంలో కోలా తెస్తాడు. తీసి నోట్లో వేసుకునేరు! ఆ పళ్లెం బంధుత్వాల వరసలో అందరి చేతులూ తిరిగి మళ్లీ ఇంటాయన దగ్గరికే రావాలి. పెద్దాయన ప్రార్థన చేస్తాడు, అదీ ఇగ్బోలోనే. కోలాకి ఇంగ్లిషు రాదంటారు వాళ్లు. తర్వాత గింజను విడదీసి ఎన్ని బద్దలున్నాయో చూస్తారు. నాలుగుంటే శుభం, వాళ్ల సంత వారానికి రోజులు నాలుగే మరి: ఏకె, ఓరియె, ఆఫొ, న్క్వొ. గింజ చేదు. నాకు చివరిదాకా అలవాటు కాలేదు గానీ, దాంతోపాటు పెట్టే పచ్చి వంకాయలు, కారం కలిపిన వేరుశనగ ముద్ద కోసం ఎదురుచూసేదాన్ని. కోలాను ఆడవాళ్లు విరవకూడదు. మీ ఆవిడ నాలాగే లోపల గొణుక్కోవచ్చు, పైకి మాత్రం అనొద్దు.

ఇక తిండి. ‘మాంసం, చేపలు తినం’ అంటే సరిపోదు. ఎండు రొయ్యల పొడి పడని పులుసు అక్కడ అరుదు. దాన్ని చాలామంది నీచు కింద లెక్కేయరు కూడా. కాబట్టి రొయ్యపొడి అని పేరు పెట్టి ముందే చెప్పండి. నిప్పుల మీద కాల్చిన పెండలం, పామాయిల్ మీకు భేషుగ్గా సరిపోతాయి. ఎనుగు నగరం దగ్గర నైన్త్ మైల్ అనే చోట బండి ఆగితే ఒక్పా కొనండి. వేరుశనగలా నేలలో కాసే బంబారా గింజల పిండిలో పామాయిల్, మిరప కలిపి ఆకులో ఉడికిస్తారు. వేడిమీద తినాలి, చల్లారితే రాయే.

ఊళ్లో పెండలం కొట్టు చూపించమనండి. నిలువు కర్రలకు దుంపల్ని వరసగా తాళ్లతో కట్టి, గాలాడేలా నీడలో ఉంచుతారు. రైతు పరువంతా ఆ వరసల్లోనే. పెండలం మగవాళ్ల పంట, కర్రపెండలం, చేమ ఆడవాళ్లవి అని పాత లెక్క. ఏడాది పొడవునా ఇంటిని నిలబెట్టేది ఆ కర్రపెండలంతో చేసే రవ్వలాంటి గారీయే, పండగేమో పెండలానికి!

ఉత్త చేతులతో వెళ్లకండి. పెద్దలకు మందు సీసా ఇవ్వడం ఆనవాయితీ, మీకు ఇబ్బందైతే కూల్‌డ్రింకుల కేసు ఇవ్వండి. ఎడమ చేత్తో ఇవ్వకూడదని మనవాళ్లకు చెప్పక్కర్లేదు. కిడ్నాపుల భయం మాత్రం ఉత్త పుకారు కాదు. చీకటి పడకముందే ఊరు చేరాలి. 2021 నుంచి ఆ ప్రాంతంలో సోమవారాలు బంద్ పాటిస్తూ వచ్చారు, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి. దారి విషయంలో మీ మిత్రుడి మాటే వినండి, ఫోన్లో మ్యాపు మాట కాదు.

ప్రశ్న: మా అబ్బాయి నైజీరియాలో ఉంటున్నాడు. మేమూ వెళ్లి ఆ పల్లెలు చూద్దామనుకుంటున్నాం. టీకాలేమైనా వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుని, పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. 60 దాటితే ముందు డాక్టర్ని అడగండి, మలేరియా మాత్రల సంగతీ అప్పుడే తేల్చుకోండి. వానాకాలంలో వెళ్తే తెల్ల చీరలు మాత్రం సర్దుకోకండి. న్సుక్కా వైపు ఎర్రమట్టి ఏ సబ్బుకీ లొంగదు.