డిఫెండర్ ఆపితేనే గేమ్ నడుస్తుందంటే ఆపొచ్చా?

ప్రశ్న: పాలమూరులో డిగ్రీ చదువుతున్నా. ఇంట్లో పాత విండోస్ 10 కంప్యూటర్ ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటివి ఆడాలని ఉంది. దోస్తు పెన్‌డ్రైవ్‌లో గేమ్ ఇచ్చాడు కానీ, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆపితేనే ఎక్కుతుందట. ఆపొచ్చా?

ఆపొద్దు తమ్మీ. నేను ఆపి చూసినవాణ్ణి.

మాది నల్లగొండ. మా నాయిన బత్తాయి తోట లెక్కలన్నీ ఇంట్లో కంప్యూటర్లోనే పెడతాడు. కత్తెర కాపు ఎన్ని టన్నులు పోయింది, వ్యాపారి ఎంత బాకీ, కూలీలకు ఎంత ఇచ్చాం, అన్నీ. రాత్రయితే అదే కంప్యూటర్ మీద నేను గేమ్స్ ఆడేవాణ్ణి. ఒక షాపులో వంద రూపాయలిచ్చి కాపీ చేయించుకున్న గేమ్‌తో పాటు ఓ చిన్న ఫైల్ వచ్చింది: ముందు డిఫెండర్ ఆఫ్ చేయండి అని. చేశాను. గేమ్ మస్తుగా నడిచింది. నడవకపోయి ఉంటే ఆ రోజే తీసి పారేసేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి.

వారం తర్వాత, గేమ్ ఆడకపోయినా సీపీయూ ఫ్యాన్ బొయ్యిమని తిరగడం మొదలైంది. ఏప్రిల్ ఎండలు కదా, వేడికి అనుకున్నా. చిత్రమేమిటంటే టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రాం ఎంత వాడుతోందో చూపించేది) తెరవగానే ఫ్యాన్ సద్దుమణిగేది, మూసేస్తే మళ్లీ మొదలు. మన ప్రాసెసర్‌ను వాడుకుని ఎవరికో క్రిప్టో సంపాదించి పెట్టే ప్రోగ్రాం అది, టాస్క్ మేనేజర్ కనబడితే దాక్కుంటుంది. అంతవరకైతే కరెంటు బిల్లుతో పోయేది. అసలు టెన్షన్ నాయిన మెయిల్‌లోకి ఎవరో జొరబడ్డారని తెలిసినప్పుడు. ఓటీపీ కూడా రాలేదు. ఇలాంటివి బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లే కాదు, మనం ఇప్పటికే లాగిన్ అయి ఉన్నామని సైటుకు చెప్పే గుర్తులను, అంటే సెషన్ కుకీలనూ ఎత్తుకుపోతాయి. అవి చేతికొచ్చాక ఓటీపీతో వాళ్లకు పనేముంది?

డిఫెండర్ మళ్లీ ఆన్ చేశాను కదా, ఎందుకు పట్టుకోలేదని సెట్టింగులు వెతికితే, ఎక్స్‌క్లూజన్స్ లిస్టులో (డిఫెండర్ వెతకకుండా వదిలేసే చోట్ల జాబితా) సీ డ్రైవ్ మొత్తం ఉంది! కాపలాకు మనిషిని పెట్టి, ఇంటి దిక్కు చూడకని ముందే చెప్పి ఉంచినట్టు. నీ సిస్టంలో కూడా ముందు ఆ లిస్టు తెరిచి చూడు.

పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చాం, ఆ కంప్యూటర్ నుంచి కాదు. మెయిల్‌ను అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయించాం. లెక్కలు, ఫొటోలు మాత్రం బయటికి తీసుకుని, వేరే ల్యాప్‌టాప్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి విండోస్ ఇన్‌స్టాలర్ ఎక్కించి, దాంతో విండోస్ కొత్తగా వేశాం. మా డబ్బు పోలేదు. ఎవరికైనా పోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు రెండు అకౌంట్లు పెట్టాం. నేను ఆడేది స్టాండర్డ్ అకౌంట్ (సిస్టంలో పెద్ద మార్పులు చేయలేనిది), అన్ని హక్కులుండే అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ నాయిన దగ్గరే ఉంటుంది. కొత్త గేమ్ వేయాలంటే ఆ పాస్‌వర్డ్ ఆయనే కొట్టాలి. "ఇది యాడికెళ్లి తెచ్చినవ్?" అని అడుగుతాడు. నిజం చెప్పాలంటే యాంటీవైరస్ కంటే ఆ ప్రశ్నే గట్టిగా పనిచేస్తోంది. ఆదివారం లెక్కల ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి వైరు పీకేస్తాం. తగిలించే ఉంచితే, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే దానికీ తాళం పడుతుంది.

నీ విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకు మరో ఏడాది పొడిగింపు ఇచ్చారు కానీ, దానికి మనమే విడిగా నమోదు కావాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో చూడు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే. అంతకంటే పాతదైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకో.

ఇక గేమ్స్. దొంగ కాపీ ఎందుకసలు? 0 ఏడీ పూర్తిగా ఉచితం, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాగే ఊరు కట్టి, సైన్యం పెంచి కొట్టుకోవడమే. అందులో మౌర్యులు కూడా ఉన్నారు, ఏనుగులతో. బ్యాటిల్ ఫర్ వెస్నోత్ కూడా ఉచితమే, వంతులవారీగా ఆడేది. వంతు వంతుకూ దానంతటదే సేవ్ అవుతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఒక్క వంతే నష్టం. మన ఎండాకాలానికి అంతకంటే ఏం కావాలి. రెండూ లినక్స్ మీద కూడా నడుస్తాయి. కాకపోతే వాటి సొంత సైట్ల నుంచే దించుకో, వెతికితే పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 యే కావాలంటే 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌ను స్టీమ్‌లో (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) సేల్ పడ్డప్పుడు కొను, నేనలాగే కొన్నా. లాగిన్‌కు కోడ్ కూడా అడిగే స్టీమ్ గార్డ్ మాత్రం ఆన్ చేసుకో.

ప్రాసెసర్ ఏ జనరేషనో, ర్యామ్ ఎంతో రాయి. డెఫినిటివ్ ఎడిషన్ లాగుతుందో లేదో చూసి చెప్తా.