వేధశాలలో ఏ సెట్టింగులపై నిఘా ఉంచాలి?

లైగో వంటి గురుత్వ తరంగ వేధశాలలో నియంత్రణ సెట్టింగులు వేల సంఖ్యలో ఉంటాయి కదా, అన్నిటినీ గమనించాలా, కొన్నిటినే అయితే ఎలా ఎంచుకోవాలి అని మీరు అడిగారు. నేను వేధశాలలో పనిచేసినవాణ్ణి కాను. కోనసీమలోని ఒక గ్యాస్ కేంద్రపు కంట్రోల్ రూమ్‌లో పదకొండేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేశాను. లైగో పద్ధతి గురించి చదివినప్పుడు మేము పడిన చిక్కే అక్కడా కనిపించింది కాబట్టి ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా కొలతను, సెట్టింగును వేరుచేసి చూడాలి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ మట్టం కొలత, అది గోదావరి చేతిలో ఉంది, 11.75 అన్న హద్దు, 175 గేట్లలో ఏది ఎంత ఎత్తాలన్న నిర్ణయం మనుషులు పెట్టినవి. మీ ప్రశ్న ఈ రెండో రకం గురించే. కొలత హద్దు దాటితే అలారం మోగుతుంది గానీ, హద్దే మారిపోతే మోగేది ఏదీ ఉండదు.

మా కేంద్రంలో ఒకసారి ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ను (పీడనాన్ని కొలిచి పంపే పరికరాన్ని) కాలిబ్రేట్ చేయడానికి, అంటే దాని రీడింగు సరిచూడడానికి, దాని హై అలారం హద్దును పైకి జరిపి, పని ముగిశాక తిరిగి తగ్గించడం మరిచాం. సేవ్ చేసిన విలువలతో పోల్చి తేడాలు చూపే పట్టిక మాకు ఉండేది, ఆ హద్దు మొదటి రోజు నుంచే అందులో కనిపిస్తూనే ఉంది. అయితే క్యాస్కేడ్ లూపుల్లో పై కంట్రోలర్ తనంతట తాను కింది కంట్రోలర్‌కు పంపే సెట్‌పాయింట్లు (చేరవలసిన విలువలు) కూడా అదే పట్టికలో చేరడంతో, ఎప్పుడు తెరిచినా రెండు వందలకు పైగా వరుసలు ఉండేవి. వాటి మధ్య ఆ ఒక్క వరుస మూడు వారాలపాటు నాతో సహా ఏ షిఫ్టువారి కంటా పడలేదు. నష్టం జరగకముందే సరిచేశాం గానీ, ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అమెరికాలోని హాన్‌ఫోర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఉన్న లైగో డిటెక్టర్లలో సెట్టింగులు ఎపిక్స్ ఛానెళ్లుగా, అంటే ఎపిక్స్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోదానికీ పేరున్న విలువలుగా ఉంటాయి, వాటిని సేవ్ చేసిన విలువలతో పోల్చి చూస్తారు. నాలుగు కిలోమీటర్ల బాహువుల్లో లేజర్ కాంతిని అనునాదంలో నిలపడాన్ని లాక్ అంటారు. ఆ క్రమాన్ని నడిపే గార్డియన్ అనే ప్రోగ్రామ్ దశదశకూ గెయిన్లను (సంకేతాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే విలువలను), ఫిల్టర్ స్విచ్‌లను మారుస్తుంది కాబట్టి, అది ముట్టుకునేవాటినన్నిటినీ నిఘా నుంచి తొలగించాలనిపిస్తుంది. అది సరికాదని నా అభిప్రాయం. ఎన్ని దశల్లో మారినా పరిశీలన మొదలయ్యేసరికి ప్రతిసారీ ఒకే విలువకు చేరే సెట్టింగులను, ఆ స్థితికోసం వేరుగా దాచిన పట్టికతో పోల్చి గమనించవలసిందే. ప్రతి లాక్‌కూ కొత్తగా తేలే అద్దాల దిశ సర్దుబాట్ల వంటివి మాత్రమే పక్కన పెట్టదగినవి.

చిన్నవిగా కనిపించేవాటిని వదిలేయకండి. గెయిన్ ఒక విలువ నుంచి మరో విలువకు ఎన్ని సెకన్లలో మారాలో చెప్పే ర్యాంప్ సమయం అటువంటిది. అది సున్నా అయిపోతే మార్పు ఒక్క కుదుపుగా పడి లాక్ తెగిపోవచ్చు. లాక్‌ను తెంచని తప్పు అంతకంటే చెడ్డది. కాలిబ్రేషన్ మార్గంలో, అంటే డిటెక్టర్ సంకేతాన్ని తరంగ పరిమాణంగా మార్చే లెక్కలో, ఒక గెయిన్ మారితే యంత్రం సవ్యంగానే నడుస్తున్నట్టు ఉంటుంది, నమోదయ్యే తరంగ పరిమాణం మాత్రం తప్పవుతుంది. అందువల్ల జాబితాలో ఇటువంటివాటికే నేను మొదటి స్థానం ఇస్తాను.

మా కేంద్రంలో ఆ తర్వాత అన్ని సెట్టింగులనూ నిఘాలో ఉంచే మొదలుపెట్టి, తేడా చూపిన ఒక్కొక్కదాన్నీ ఎవరు మారుస్తున్నారో తేల్చుకున్నాం. తొలగించిన ప్రతిదాని ఎదుట కారణం, తేదీ, తొలగించినవారి పేరు రాశాం; "మాటిమాటికీ కనిపిస్తోంది" అన్నదాన్ని కారణంగా ఒప్పుకోలేదు. పట్టిక ఖాళీ కావడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి ఒక్క వరుస కనిపించినా, షిఫ్టు అప్పగించే ముందే దాని సంగతి తేల్చేవాళ్లం.