సగంలో ఆగిన నేపథ్య సంగీతం

ప్రశ్న: మా లఘుచిత్రానికి సంగీతం చేస్తున్న మిత్రుడు చనిపోయారు. 11 బిట్లలో 4 పూర్తయ్యాయి. మిగతావి ఆయన శిష్యులు చేయొచ్చా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: చేయొచ్చు. హాలీవుడ్‌లో సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ 2015 జూన్‌లో విమాన ప్రమాదంలో పోయాక, ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ సినిమా కోసం ఆయన ముందే కట్టిన బాణీల మీద సహచరుడు సైమన్ ఫ్రాంగ్లెన్ పని ముగించారు. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ముందు మీ మిత్రుడి హార్డ్‌డిస్క్‌కు రెండు కాపీలు తీయండి. అసలుది ముట్టుకోవద్దు. ప్రతి ట్రాకునూ ఆయన కంప్యూటర్లోనే సున్నా సెకను నుంచి విడి వేవ్ ఫైలుగా దించండి. వేరే మెషీన్‌లో ఆయన వాడిన ప్లగిన్లు (వాద్యాల ధ్వనులిచ్చే సాఫ్ట్‌వేర్లు) లేకపోతే వయొలిన్ల చోట నిశ్శబ్దమే మిగులుతుంది. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు తీసే ధ్వని నమూనాల లెక్క) ఉన్న ఫైలు 44.1లో మార్చకుండా నడిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది, నడకా మందగిస్తుంది. ఎడిటర్ని ఫ్రేమ్‌రేటూ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) అడగండి: 24 అనుకున్నది 25లో నడిస్తే నిమిషానికి 2.4 సెకన్లు తేడా, తెర మీద తలుపు మూసుకున్నాక మోగుతుంది దాని సంగీతపు దెబ్బ!

నాదస్వరం ఉంటే మరీ జాగ్రత్త. కీబోర్డులా శ్రుతి మార్చలేం. ఎస్వీ సంగీత కళాశాల వైపు నుంచి విద్వాంసుణ్ణి పిలిచినా, ఆయన వాద్యం ఏ శ్రుతో ముందే కనుక్కుని బిట్‌ను దానికి సర్దండి.

కొత్త బాణీలు చొప్పించొద్దు. ఆ నాలుగింటిలోని పల్లవులనే నడక మార్చి వాడితే అతుకు కనిపించదు. వారసుల రాతపూర్వక అనుమతి మరవకండి. సంగీతంపై హక్కులు స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటాయి.