కండరమా, మృదులాస్థా అని అడిగిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కాకుటూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయిపోయిందనీ, పీహెచ్‌డీ కండరాల మీద చేయాలా, మృదులాస్థి (ముక్కు, చెవుల్లో ఉండే మెత్తటి ఎముక లాంటిది) మీద చేయాలా అని తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇప్పుడే తేల్చుకోవద్దు తల్లీ. ముందు కోడి పిండాన్ని బాగా నేర్చుకో. ఆ రెండు దారులూ విడిపోయేది అక్కడే.

పిండంలో వెన్నుపాముకి అటూ ఇటూ సోమైట్లనే చిన్న ముద్దలు ఏర్పడతాయి. కోడిలో సుమారు 90 నిమిషాలకొక జత. ముద్ద లోపలి భాగం వెన్నుపూసల మృదులాస్థి అవుతుంది, బయటి భాగం నుంచి కండరాలూ వీపు చర్మమూ వస్తాయి. పక్కనున్న నోటోకార్డ్ (పిండం వెన్ను వెంట ఉండే కడ్డీ లాంటి భాగం), వెన్నుపాము నుంచి సంకేతం అందితేనే లోపలి కణాలు మృదులాస్థిగా మారతాయి. 1950లలో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించినవాళ్లలో హోవర్డ్ హోల్ట్జర్ అనే శాస్త్రవేత్త ముఖ్యుడు. కండరంలో ఉండే మయోసిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని మెరిసే యాంటీబాడీతో కండరం ఎలా తయారవుతుందో 1957లో చూపించింది కూడా ఆయన బృందమే. ఒకే మనిషి రెండు కణజాలాల మీదా అంత పని చేయగలిగాడంటే, ఆయన పిండం దగ్గర మొదలుపెట్టాడు కాబట్టే అని నా నమ్మకం.

కాళ్లు, రెక్కల దగ్గర ఇంకో విచిత్రం ఉంది. కౌజుపిట్ట కణజాలాన్ని కోడి పిండంలో అతికించి చూసిన 1970ల ప్రయోగాల్లో తేలిందేమంటే, కాలి మొగ్గలో (కాలుగా పెరిగే చిన్న బుడిపెలో) మృదులాస్థి అక్కడి కణాలదే, కండరాలు మాత్రం సోమైట్ల నుంచి నడిచి వచ్చిన కణాలవి. పక్కపక్కనే ఉన్నా పుట్టిళ్లు వేరు. ఇది తెలియకుండా డిష్‌లో కాలి మొగ్గ కణాలు వేసుకుని కూర్చుంటే, కనిపించినదానికి తప్పు అర్థం చెప్పుకుంటావు.

ఇక గుడ్ల సంగతి. షాపులో దొరికే ఫారం గుడ్లు పనికిరావు, వాటిలో పిండం ఉండదు. హేచరీ నుంచి గానీ, పుంజు తిరిగే ఇళ్ల నుంచి గానీ తెచ్చుకో. మన నెల్లూరు మే నెల ఎండలో గుడ్డు దారిలోనే అడ్డదిడ్డంగా పెరగడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తెప్పించి, 15 డిగ్రీల దగ్గర ఉంచి, వారంలోపు వాడెయ్. నోట్‌బుక్‌లో ‘నాలుగో రోజు గుడ్డు’ అని ఎప్పుడూ రాయకు. కోడి పిండం ఎదుగుదలకు హాంబర్గర్, హామిల్టన్ అనే శాస్త్రవేత్తలు 1951లో ఇచ్చిన 46 దశల్లో అది ఎన్నోదో చూసి రాయి. అదే వేడిలో, అన్నే గంటలు ఉంచిన రెండు గుడ్లు కూడా ఒకే దశలో ఉండాలని లేదు.

చేతికి అలవాటు కావాల్సిన ప్రయోగం ఒకటి చెబుతాను. నాలుగున్నర రోజుల పిండం కాలి మొగ్గ కణాలను విడదీసి, మిల్లీలీటరుకు 2 కోట్ల చొప్పున చిక్కగా చేసి, 10 మైక్రోలీటర్ల చుక్కగా వెయ్యి. కొన్ని రోజుల తర్వాత ఆల్షియన్ బ్లూ రంగు వేస్తే మృదులాస్థి నీలి మచ్చలుగా కనబడుతుంది. అవే కణాలను పలచగా వేస్తే ఆ మచ్చలు దాదాపు రావు. ఒక కణం ఏమవుతుందన్నది దాని పక్కన ఎవరున్నారన్నదాని మీద ఎంతగా ఆధారపడుతుందో నీ కళ్లతో నువ్వే చూస్తావు.

కండరాలకి చాలా ల్యాబుల్లో సీ2సీ12 అనే ఎలుక కండర కణాలు వాడతారు. డిష్ 60, 70 శాతం నిండగానే వేరే డిష్‌ల్లోకి విడగొట్టాలి. ఆదివారం కదా అని వదిలేస్తే సోమవారానికి ఒకదానితో ఒకటి కలిసిపోయి కండర పోగులుగా మారడం మొదలుపెడతాయి. కలిసినవి మళ్లీ విభజన చెందవు. అలా పదేపదే జరిగితే చివరికి నీ దగ్గర మిగిలేవి కలవడం చేతకాని కణాలు. వచ్చిన వెంటనే కొన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి పెట్టుకో. కణాలకు కనబడకుండా సోకే మైకోప్లాస్మా బ్యాక్టీరియా కోసం పరీక్ష మానకు. కండరానికి మయోడీ, మృదులాస్థికి సాక్స్9 లాంటి జన్యువుల పాఠం పుస్తకంలో దొరుకుతుంది, ఈ అలవాట్లు అక్కడ దొరకవు.

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరోసిస్ బాధితులకు పనికొచ్చే పని చేయాలని నీకు ఉందట. చాలా సంతోషం. మన దేశంలో ఆ జబ్బు గురించి 1937లో వచ్చిన తొలి నివేదిక అప్పటి నెల్లూరు జిల్లాదే. కానీ పిండం మీద పరిశోధనతో ఫ్లోరోసిస్ నయం చేస్తానని దరఖాస్తులో రాయకు. అది నిజం కాదు. పిల్లల ఎముకలు పొడవు పెరిగేది చివర్లలో ఉండే మృదులాస్థి పలకల దగ్గర. ఆ పలకల్లోని కణాలకు ఫ్లోరైడ్ ఏం చేస్తుందన్నది నిజాయితీగా అడగదగ్గ ప్రశ్న.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో జ్యోత్స్న ధావన్ బృందం కండర మూలకణాలు నిద్రావస్థలో ఎలా ఉంటాయో పరిశోధించింది. ఆ పేపర్లు చదువు. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షలో ఐదో యూనిట్ డెవలప్‌మెంటల్ బయాలజీ, దాన్ని చాలామంది వదిలేస్తారు. నువ్వు వదలకు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె, కాబట్టి డబ్బు గురించి మీ నాన్న దిగులు పడక్కర్లేదు. దరఖాస్తులో నీ ప్రశ్న రాసే పేజీ మాత్రం ముందు నాకు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను.

మీ పెదనాన్న